ఓక్లహోమా గవర్నర్ ఎన్నికలు: ఏ ఓటు వచ్చింది, ఏ ఓటు పోయింది



గవర్నర్ అనగానే మనకు రాజ్ భవన్, ఐదో షెడ్యూల్ గుర్తొస్తాయి. మా హాస్టల్లో గ్రూప్స్ కి చదివే అన్నలను నిద్రలో లేపి అడిగినా 244వ ఆర్టికల్ చెప్పేస్తారు. షెడ్యూల్డ్ ఏరియాలో ఏ చట్టం వర్తించాలో, ఏది వద్దో చెప్పే అధికారం గవర్నర్ కి ఉంది. కానీ ఆయన్ని మనం ఎన్నుకోం, రాష్ట్రపతి నియమిస్తారు. అమెరికాలో అలా కాదు. అక్కడ గవర్నర్ అంటే మన ముఖ్యమంత్రి లాంటోడు, జనమే నేరుగా ఓటేస్తారు. ఆదివాసీ నేషన్లు ఎక్కువగా ఉన్న ఓక్లహోమా రాష్ట్రంలో ఈ ఎన్నికల చరిత్ర చదివినప్పుడు మాకు ఒక విషయం బాగా తగిలింది. రాష్ట్ర గవర్నర్ కి ఓటేసే హక్కు వచ్చిన ఆ రోజుల్లోనే, వాళ్ళకు తమ సొంత నాయకుడికి ఓటేసే హక్కు పోయింది.

ముందు ఈ నేల సంగతి. చెరోకీ, చోక్టా, చికసా, క్రీక్, సెమినోల్ తెగలను 1830ల్లో ఆగ్నేయ ప్రాంతాల నుంచి బలవంతంగా ఇక్కడికి తరిమారు. దారిలో వేలమంది చనిపోయారు. నిర్వాసితులు అనే మాట మనకేం కొత్త కాదు కదా. వచ్చినచోట వాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. బడులు, కోర్టులు, రాజ్యాంగాలు పెట్టుకున్నారు. చికసాలు 1856లో రాజ్యాంగం రాసుకుని తమ పెద్దకు గవర్నర్ అనే పేరే పెట్టారు. తొలి గవర్నర్ సైరస్ హారిస్. అంటే ఓక్లహోమా రాష్ట్రం పుట్టడానికి యాభై ఏళ్ళ ముందే ఆ నేల మీద గవర్నర్ ఎన్నికలున్నాయి. ఇంకోటి దాచకుండా చెప్పాలి. ఈ ఐదు తెగల్లోనూ నల్లజాతి బానిసలుండేవారు, వాళ్ళకు ఓటు లేదు.

తర్వాత తెల్లవాళ్ళు భూమి కోసం ఎగబడ్డారు. ఉమ్మడి భూమిని మనిషికింత అని ముక్కలు చేశారు. 1898 కర్టిస్ చట్టంతో తెగల కోర్టులు పోయాయి. అప్పుడు ఐదు తెగలవాళ్ళు "మా ప్రాంతాన్ని వేరే రాష్ట్రం చెయ్యండి" అని 1905లో మస్కోగీలో సభ పెట్టారు. క్రీక్ చీఫ్ ప్లెజంట్ పోర్టర్ అధ్యక్షుడు. రాష్ట్రానికి సెకోయా అని పేరు పెట్టారు. చెరోకీ భాషకు లిపి తయారుచేసిన మనిషి పేరది. (గుంజాల గోండి లిపి గురించి తెలిసినవాళ్ళకు ఆ పేరు ఎందుకు పెట్టారో వేరే చెప్పక్కర్లేదు.) ఆ రాజ్యాంగానికి జనం భారీ మెజారిటీతో ఓటేశారు. వాషింగ్టన్ లో కాంగ్రెస్ దాన్ని పట్టించుకోనే లేదు. రెండు ప్రాంతాలనూ కలిపి ఒకే రాష్ట్రం అని తేల్చేసింది.

1907 సెప్టెంబర్ లో తొలి గవర్నర్ ఎన్నిక. చార్లెస్ హాస్కెల్ గెలిచాడు. ఓడిన ఫ్రాంక్ ఫ్రాంట్జ్ అప్పటిదాకా ప్రెసిడెంట్ నియమించిన గవర్నర్. తెగల మగవాళ్ళకు 1901లోనే పౌరసత్వం వచ్చింది కాబట్టి వాళ్ళూ ఓటేశారు. నవంబర్ 16న గుత్రీలో రాష్ట్రావతరణ పండుగ చేశారు. అందులో ఒక ఉత్తుత్తి పెళ్ళి: వరుడు ఓక్లహోమా టెరిటరీ, వధువు ఇండియన్ టెరిటరీ. వధువుగా చెరోకీ మూలాలున్న ఒకామెను నిలబెట్టారు. ఇది చదివి మేము చాలాసేపు మాట్లాడుకున్నాం. పెళ్ళికూతురిని ఎవరడిగారు? ఆమె ఇష్టం రెండేళ్ళ ముందే బ్యాలెట్ పెట్టెలో చెప్పింది కదా, సెకోయా అని!

ఆ పండుగ వెనుక 1906 చట్టం ఉంది. తెగల చీఫ్ లను తీసేసే, నియమించే అధికారం అమెరికా ప్రెసిడెంట్ కి ఇచ్చిందది. చెరోకీలకు కొన్నిసార్లు ఏవో భూమి కాగితాల మీద సంతకం కోసం ఒక్కరోజు చీఫ్ ను నియమించేవారు. "ఒకరోజు చీఫ్" అని వాళ్ళకు పేరే పడింది. చికసా గవర్నర్ డగ్లస్ జాన్‌స్టన్ 1904లో ఎన్నికయ్యాక 1939లో చనిపోయేదాకా మళ్ళీ ఎన్నిక లేకుండానే ఉండిపోయాడు. నాలుగేళ్ళకోసారి రాష్ట్ర గవర్నర్ కి ఓట్లు మాత్రం ఆగలేదు. ఆ ఓటు కూడా అందరికీ కాదు. నల్లవాళ్ళ ఓటు తీసెయ్యడానికి 1910లో "తాత నిబంధన" తెచ్చారు. 1915లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆడవాళ్ళకు 1918లో గానీ ఓటు రాలేదు.

మరి మనవాళ్ళు ఎవరైనా ఆ కుర్చీ ఎక్కారా? ఎక్కారు. 1950లో గెలిచిన జాన్‌స్టన్ మర్రే తల్లి చికసా. తండ్రి "అల్ఫాల్ఫా బిల్" మర్రే అంతకుముందే గవర్నర్ చేశాడు, కొడుకుతో ప్రమాణం చేయించింది కూడా ఆయనే. కానీ ఆ నాలుగేళ్ళలో చికసాలకు తమ గవర్నర్ ను ఎన్నుకునే హక్కు తిరిగి రాలేదు. అది 1970లో కాంగ్రెస్ చట్టంతో వచ్చింది. 1971లో ఓవర్టన్ జేమ్స్ ని ఓట్లతో ఎన్నుకున్నారు. ఒక తరం మొత్తం ఆ ఓటు చూడకుండానే పోయింది.

2018లో గెలిచిన కెవిన్ స్టిట్ కి చెరోకీ నేషన్ లో సభ్యత్వం ఉంది. మన గ్రూపులోనే అయితే "మనోడు గెలిచాడు" అని పోస్టులు పడేవి. ఆయన ఏం చేశాడు? తెగల కాసినోల ఒప్పందాలు 2020 జనవరి 1తో అయిపోయాయి, కొత్త రేట్లు కట్టాలి అన్నాడు. తెగలు కోర్టుకెళ్ళి గెలిచాయి. అదే 2020 జులైలో మెక్‌గర్ట్ కేసులో, క్రీక్ రిజర్వేషన్ ఎప్పుడూ రద్దు కాలేదని సుప్రీంకోర్టు చెప్తే, దాని మీద కూడా పోరాడాడు. 2022లో ఐదు తెగల నాయకులూ కలిసి ఆయన ప్రత్యర్థి జాయ్ హాఫ్‌మైస్టర్ కి బహిరంగంగా మద్దతిచ్చారు. అయినా స్టిట్టే సుమారు 55 శాతం ఓట్లతో గెలిచాడు. రాష్ట్రం మొత్తం లెక్కలో ఆదివాసీ ఓటు తక్కువే మరి. రిజర్వుడు సీటు నుంచి గెలిచి మన భూముల సంగతి అసెంబ్లీలో ఎత్తనివాళ్ళు మనకూ తెలుసు. కులం సర్టిఫికెట్ చూసి మురిసిపోవడం మానేసి, ఆయన ఎవరికి జవాబు చెప్పాలో చూడాలన్నది మా అభిప్రాయం. స్టిట్ జవాబు చెప్పాల్సింది రాష్ట్ర ఓటర్లకు, చెరోకీలకు కాదు.

చికసాలకు మాత్రం ఇద్దరు గవర్నర్లున్నారు. ఒకరు ఓక్లహోమా సిటీలో, ఇంకొకరు ఏడా పట్టణంలో. ఏడాలో ఉండే బిల్ అనోటబ్బీ 1987లో ఆ పదవిలోకి వచ్చి, మళ్ళీ మళ్ళీ గెలుస్తూ వచ్చారు. రాష్ట్రంలో ఉండే చికసా పౌరులు ఇద్దరికీ వేర్వేరుగా ఓటేస్తారు.