మదనపల్లెలో వ్రాసిన స్వరాలు - హార్మనీ మూలసూత్రాలు

మన సంగీతంలో స్వరాలు ఒకదాని వెనుక ఒకటిగా నడుస్తాయి. పాశ్చాత్య సంగీతంలో రెండు మూడు వేర్వేరు స్వరాలు ఒక్కసారే పలికి కలిసిపోతాయి. ఈ కలయికనే 'హార్మనీ' అంటారు. ఈ రెండు పద్ధతులూ ఎదురుపడిన ఒక ఘట్టం రాయలసీమలోనే జరిగింది.

కడపజిల్లా తాళ్ళపాకకు చెందిన అన్నమాచార్యుల (1408-1503) కీర్తనలు రాగిరేకులకెక్కాయి. వాటిలో సాధారణంగా సాహిత్యం, రాగం పేరు ఉన్నాయే గాని స్వరాలు లేవు. అందుచేత అనేక కీర్తనల అసలు వరుసలు మనకు దక్కలేదు.

1911 వరకు కడపజిల్లాలో ఉండి, తరువాత చిత్తూరుజిల్లాలో చేరిన మదనపల్లెలో మరొక పాటకు ఈ గతి పట్టలేదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు అక్కడి దివ్యజ్ఞాన కళాశాలలో 'జనగణమన' పాడారు. ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ డబ్లిన్‌లో సంగీతం చదివి పట్టం పొందిన విదుషి. ఆమె ఆ వరుసను అయిదుగీతల పాశ్చాత్య స్వరలిపిలో వ్రాశారు.

వరుసను వ్రాయడం వేరు, దానికి హార్మనీ కూర్చడం వేరు. 1947లో న్యూయార్కులో ఐక్యరాజ్యసమితి సమావేశంలో వాద్యబృందం ఈ పాటను వాయించింది. 1950 జనవరి 24న ఇది జాతీయగీతమైంది. బి.బి.సి.కి చెందిన హెర్బర్ట్ మర్రిల్ దీనికి వాద్యబృందరూపం కూర్చారు.

హార్మనీకి ఆధారం లెక్కలో ఉన్నది. షడ్జమం సెకనుకు 240 కంపనాలనుకొందాము. అంతర గాంధారం 300, పంచమం 360 అవుతాయి. వీటి నిష్పత్తి 4:5:6. ప్రతి స్వరంతోబాటు దాని రెట్టింపు, మూడురెట్లు మొదలైన అనుస్వరాలు కూడా పలుకుతాయి. షడ్జమపు మూడవ అనుస్వరం 720. పంచమపు రెండవదీ 720. ఇవి ఏకమవడంవల్ల చెవికి హాయి కలుగుతుంది. షడ్జమంతో శుద్ధ రిషభాన్ని (256) కలిపితే సెకనుకు 16 విస్పందనాలు పుట్టి ధ్వని గరగరలాడుతుంది. పాఠశాలలోని హార్మోనియంపై విద్యార్థులు ఈ తేడా వినవచ్చును. అయితే ఆ వాద్యంలో గాంధారం 300 కాక సుమారు 302.4 ఉంటుంది. స్థాయిని 12 సమభాగాలు చేయడంవల్ల వచ్చిన రాజీ ఇది.

జాతీయగీతం మొదట్లోనే అంతర గాంధారంపై నిలుస్తుంది. గమకాలు తక్కువ. నిలిచిన స్వరానికి తోడు స్వరాలు సులభంగా అమరుతాయి. తోడిరాగంలోని గాంధారమో, నిలకడగా ఉండక ఊగుతుంది. ఊగే స్వరానికి స్థిరమైన నిష్పత్తి లేదు. దానిక్రింద ఏ స్వరత్రయాన్ని నిలిపినా గమకం చెడుతుంది. కనుక మన సంగీతంలో హార్మనీ లేకపోవడం వెనుకబాటు కాదు. మనవారి శ్రద్ధ స్వరాల పేర్పుమీద గాక, ఒక్కొక్క స్వరపు కదలికమీద నిలిచింది. వరుసలు కట్టదలచిన విద్యార్థి ముందుగా ఏ స్వరం నిలుస్తుందో, ఏది కదులుతుందో గుర్తించాలి. నిలిచే స్వరానికే తోడు కూర్చాలి.