లారీలోని నారింజ రంగు దీపం

కొత్త లారీలో తాళం తిప్పగానే డ్రైవరు ఎదుటి పలకపై కొన్ని చిన్న దీపాలు వెలుగుతాయి. ఇంజను నడవనారంభించగానే అవి ఆరిపోవాలి. ఇంజను బొమ్మతో ఉండే నారింజ రంగు దీపం మాత్రం ఒక్కొక్కప్పుడు ఆరదు. లేదా బండి దారిలో ఉండగా హఠాత్తుగా వెలుగుతుంది. ఇంజను చప్పుడులో తేడా లేదు. వేగం తగ్గలేదు. ఆయిలూ నీళ్ళూ సరిగానే ఉన్నవి. బండి కొని నెల కాలేదు. అప్పుడు డ్రైవరుకు తోచే మొదటి మాట, ‘ఈ దీపమే తప్పు చెబుతున్నది’ అని. రెండవది, దాని తీగ పీకివేయడం. రెండూ పొరపాటే. ఈ దీపం ఎందుకు పుట్టిందో తెలిస్తే, దాని మాట ఎలా వినాలో కూడా తెలుస్తుంది.

దీని కథ మోటారు కర్మాగారంలో గాక, ఒక నగరం మీది ఆకాశంలో ఆరంభమయింది. 1943 జూలై 26న అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరాన్ని ఘాటైన పొగమంచు వంటిది కమ్మివేసింది. ప్రజల కళ్ళు మండాయి, గొంతులు పట్టుకున్నాయి. అది యుద్ధకాలం గనుక శత్రువులు విషవాయువు వదిలారని కొందరు భయపడ్డారు. తరువాత కృత్రిమ రబ్బరు తయారీకి సంబంధించిన ఒక కర్మాగారంపై నేరం మోపి, దానిని కొంతకాలం మూయించారు. అయినా పొగ పోలేదు.

అసలు దోషిని పట్టుకున్నవాడు హాగెన్ స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త. హాలెండులో పుట్టి, కాలిఫోర్నియాలో స్థిరపడిన ఆయన అంతకుముందు అనాసపండు వాసనకు కారణమైన పదార్థాలను పరిశోధించాడు. పండు వాసనను విడదీసిన పద్ధతులే నగరపు గాలిని విడదీయడానికి పనికివచ్చాయి. మోటారు బండ్ల నుండి వచ్చే కాలని పెట్రోలు ఆవిరులు, నత్రజని ఆక్సైడులు ఎండలో చర్య పొంది ఓజోను మొదలైన మంటపుట్టించే పదార్థాలుగా మారుతున్నవని ఆయన 1950 దశకం తొలినాళ్ళలో చూపాడు. సాగదీసిన రబ్బరు ముక్క ఆ గాలిలో పగుళ్ళు తీయడం ఓజోను ఉన్నదనడానికి సాక్ష్యమయింది.

1970లో అమెరికా చేసిన స్వచ్ఛ వాయు చట్టం కొత్త కార్ల పొగలోని కార్బన్ మోనాక్సైడును, హైడ్రోకార్బనులను నూటికి తొంభై వంతులు తగ్గించాలని ఆదేశించింది. దానికి సమాధానంగా 1975 మాడలు కార్లలో అధిక భాగానికి ఉత్ప్రేరక పాత్ర వచ్చింది. పొగగొట్టంలో అమర్చిన ఈ పాత్రలో ప్లాటినం వంటి లోహాలు పలుచని పూతగా ఉంటాయి. విషవాయువులు వాటిని తాకి, హాని తక్కువైన వాయువులుగా మారుతాయి. సీసం కలిసిన పెట్రోలు ఆ పూతను చెడగొడుతుంది గనుక సీసం లేని పెట్రోలు కూడా రావలసి వచ్చింది.

తరువాత నత్రజని ఆక్సైడులను కూడా అదే పాత్రలో విడగొట్టాలనుకున్నప్పుడు కొత్త చిక్కు వచ్చింది. ఒక కిలో పెట్రోలుకు సుమారు 14.7 కిలోల గాలి అందినప్పుడే మూడు విషాలూ ఒకేసారి తగ్గుతాయి. ఆ పాళ్ళను అనుక్షణం సరిచూడడం పాత కార్బురేటరుకు సాధ్యం కాదు. అందుకు 1976లో ఆమ్లజని గ్రాహకం వచ్చింది. మెకానిక్కులు ఆక్సిజన్ సెన్సారు అనేది దీనినే. ఇది జిర్కోనియా అనే పింగాణి వంటి పదార్థంతో చేసిన చిన్న విద్యుద్ఘటం. దాని ఒక వైపు బయటి గాలి, రెండవ వైపు పొగ ఉంటాయి. పొగలో ఆమ్లజని తక్కువైతే సుమారు 0.9 వోల్టు, ఎక్కువైతే సుమారు 0.1 వోల్టు పుడుతుంది. పాఠశాలల్లో రసాయన శాస్త్రం చదివేవారికి పరిచితుడైన నెర్న్‌స్ట్ చెప్పిన సూత్రమే దీనికి ఆధారం.

ఈ వోల్టేజీని చదివి ఇంధనాన్ని సరిదిద్దడానికి కంప్యూటరు కావలసి వచ్చింది. 1981లో జనరల్ మోటార్స్ సంస్థ అమెరికాలో అమ్మే పెట్రోలు కార్లలో అధిక భాగానికి దానిని అమర్చింది. తనకు అందే సంకేతాలలో పొరపాటు కనిపిస్తే కంప్యూటరు ఊరకుండక ఒక దీపం వెలిగించేది. దానిపై ‘చెక్ ఇంజన్’ అని ఉండేది. మెకానిక్కు రెండు మొనలను తీగముక్కతో కలిపితే అదే దీపం మెరుపులతో అంకెలు చెప్పేది. ఒక మెరుపు, కొంత విరామం, రెండు మెరుపులు: అంటే 12.

ఒక్కొక్క సంస్థది ఒక్కొక్క భాష కావడంతో మెకానిక్కులకు ఇబ్బంది కలిగింది. 1996 మాడలు నుండి అమెరికాలో అమ్మే కార్లన్నింటికీ, తేలిక ట్రక్కులకూ ఒకే రకమైన పదహారు మొనల సాకెట్టు, ఒకే రకమైన లోపసంఖ్యలు తప్పనిసరి అయ్యాయి. పొగలోని విషం నిర్ణీత పరిమితికి సుమారు ఒకటిన్నర రెట్లు దాటగల లోపం ఏర్పడితే దీపం వెలగాలన్నది అప్పటి ముఖ్య నియమం. అంటే ఈ దీపం ఇంజను చచ్చిపోతున్నదని చెప్పడం లేదు. ఊరి గాలి చెడవచ్చునని చెబుతున్నది. బండి హాయిగా నడుస్తుండగానే దీపం వెలగడంలో వింత లేదు.

పెద్ద డీజిలు లారీల వంతు తరువాత వచ్చింది. అమెరికాలో 2010 మాడలు నుండి, భారతదేశమంతటా భారత్ స్టేజ్ 6 ప్రమాణాలతో 2020 ఏప్రిల్ 1 నుండి అటువంటి ఏర్పాట్లు కట్టుదిట్టమయ్యాయి. ఈ లారీలలో మసిని పట్టే జల్లెడ, నూటికి 32.5 పాళ్ళు యూరియా కలిసిన ద్రావణం ఉంటాయి. వేడి పొగలో యూరియా నుండి అమ్మోనియా పుట్టి, నత్రజని ఆక్సైడులను నత్రజనిగా, నీటిగా మారుస్తుంది. ద్రావణం అయిపోయినా, దానికి బదులు నీళ్ళు పోసినా లారీ కనిపెట్టి హెచ్చరిస్తుంది.

ఇక దీపం వెలిగినప్పుడు చేయవలసినది ఏమి? ఆయిలు ఒత్తిడిని గాని, ఇంజను వేడిని గాని తెలిపే ఎర్రదీపం కూడా వెలిగితే బండిని వెంటనే ఆపాలి. పెట్రోలు ఇంజనులో నారింజ దీపం మినుకుమినుకుమంటే ఇంధనం సరిగా అంటుకోవడం లేదని అర్థం. కాలని పెట్రోలు ఉత్ప్రేరక పాత్రలో చేరి దానిని కాల్చివేయగలదు గనుక బండిని తోలకూడదు. దీపం నిలకడగా వెలుగుతుంటే, బండి మామూలుగా నడుస్తున్నంతవరకు భయం లేదు, ఆలస్యం మాత్రం తగదు. పెట్రోలు బండికి ట్యాంకు మూత, డీజిలు లారీకి యూరియా ద్రావణం ముందుగా చూడాలి. మూత వదులుగా ఉన్నా ఆవిరి బయటపడి కొన్ని బండ్లలో దీపం వెలుగుతుంది.

ఆ తరువాత లోపసంఖ్య చదివించాలి. సంఖ్య రోగ లక్షణమే గాని రోగం కాదు. P0420 అనే సంఖ్య ఉత్ప్రేరకం పని తగ్గినట్లు కనిపిస్తున్నదని చెబుతుంది. పొగగొట్టానికి చిల్లి పడినా, గ్రాహకం చెడినా అదే సంఖ్య రావచ్చు. జ్వరమానిని 102 చూపినంతనే వైద్యుడు మందు రాయడు గదా! కొత్త బండిలో భాగాలు అరిగి ఉండవు; సరిగా కూర్చోని తీగల కూర్పు, లోపంతో తయారైన గ్రాహకం వంటివి ఉండవచ్చు. గ్యారంటీ గడువులో వాటిని సరిచేయించుకోవడం యజమాని హక్కు. బ్యాటరీ తీగ విప్పితే దీపం కొంతసేపు ఆరవచ్చు; కాని లోపం ఏ పరిస్థితిలో వచ్చిందో దాచుకున్న వివరం కూడా చాలా బండ్లలో చెరిగిపోయి, మెకానిక్కు పని కష్టమవుతుంది.

1943లో నగరం కళ్ళు మండుతున్నా కారణం చెప్పే పరికరం లేదు. ఒక కర్మాగారాన్ని అనుమానించి మూసినా ఫలితం లేకపోయింది. ఈనాడు ప్రతి బండీ తన దోషాన్ని తానే ఒప్పుకుంటున్నది. ఆ దీపాన్ని ఆర్పడం తేలిక; అది చూపే లోపాన్ని సవరిస్తేనే, లారీ వెనుక సైకిలుపై బడికి వెళ్ళే పిల్లవాడికి మంచి గాలి అందుతుంది.