యెంకి పాట ఎవరిది?

మా అమ్మమ్మకి యెంకి పాట ఒకటి మొత్తం నోటికొచ్చు. విజయవాడ వన్ టౌన్‌లో కొండవాలు ఇంటి అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతూ, గొంతు పెద్దగా ఎత్తకుండా పాడుకునేది. ఎవరు రాశారని ఓసారి అడిగితే, "రాయడమేంట్రా, పాటరా అది. రేడియోలో వచ్చేది" అంది. చాలా ఏళ్ళకి పుస్తకం చేతికొచ్చి, అట్ట మీద ఒక వకీలు గారి పేరు చూసినప్పుడు నాకేదో చిన్న మోసం జరిగినట్టు అనిపించింది.

ఆ వకీలు నండూరి వెంకట సుబ్బారావు. 1895లో ఏలూరు దగ్గర వసంతవాడలో పుట్టాడు, మద్రాసులో చదివాడు, ఏలూరులో ప్రాక్టీసు పెట్టాడు. మొదటి పాట మద్రాసులో ట్రాంబండిలో వెళ్తుండగా తట్టిందని చెప్తారు. చేను, కాలవగట్టు, వెన్నెల, నాయుడుబావ, యెంకి: ఇవన్నీ ట్రాము గంటల మధ్య పుట్టాయన్నమాట. పుస్తకం 1925లో వచ్చింది.

బెజవాడకి ఇందులో భాగం ఉంది. నండూరికి బంధువూ దగ్గరి స్నేహితుడూ అయిన బసవరాజు అప్పారావు పటమటలో పుట్టినవాడు. ఆయనా వకీలే, ఆయనా పాటలు కట్టాడు. 1933లో, నలభై నిండకుండానే పోయాడు. ఐదేళ్ళ తర్వాత గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' సినిమాలో ఆయన పాటలు వినిపించాయి. గాంధీ మీద కట్టిన పాట అలా ఊరూరా తిరిగింది. కవి మాత్రం తన పాటను తెర మీద వినలేదు. నండూరికి ఆ దురదృష్టం లేదు. 1957 దాకా బతికాడు, యెంకి ఎంత దూరం వెళ్ళిందో చూశాడు.

వెళ్ళే దారిలో తిట్లూ పడ్డాయి. ఆ రోజుల్లో కవుల నాయికలు గాల్లో ఉండేవాళ్ళు. రాయప్రోలు వారిది అమలిన శృంగారం, కృష్ణశాస్త్రి గారి ఊర్వశి చేతికి అందదు. యెంకి మాత్రం పక్కన కూర్చుంటుంది, అలుగుతుంది, నవ్వుతుంది. మాట కూడా ఊరి మాటే. అక్కిరాజు ఉమాకాన్తం 'నేటికాలపు కవిత్వం'లో భావకవుల్ని ఉతికేస్తూ యెంకినీ వదల్లేదు. ఇలాంటి పిల్ల కావ్యనాయిక కావడమే ఆయనకి అభ్యంతరం. ఇప్పుడు చదివితే కోపం వస్తుంది. కానీ నాకు ఆయన మీద కోపం ఎంతోసేపు నిలవదు. ఈ పిల్ల ఎవరు, ఎక్కణ్ణుంచి వచ్చింది అన్న ప్రశ్న వేసినవాడు ఆయనేగా. నేను చదివినంతలో యెంకి కూలి లెక్క అడగదు. నాట్లు వేసి నడుం పట్టేసిందనదు. డెల్టాలో వరిచేలో వంగిన ఆడవాళ్ళ పాటల్లో ఆకలీ అప్పూ అత్తపోరూ ఉంటాయి. యెంకి దగ్గర ప్రేమ ఒక్కటే ఉంది. టౌను ఇళ్ళలో అంత సులువుగా చొరబడింది అందువల్లే అనుకుంటాను.

అసలు చొరబాటు రేడియో వల్ల జరిగింది. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబర్ 1న మొదలైంది. 1952లో బి.వి. కేస్కర్ సమాచార ప్రసార మంత్రి అయ్యాక సినిమా పాటలు ఆకాశవాణిలో బాగా తగ్గిపోయాయి. ఆయనకి ఆ పాటలంటే పడదు. శ్రోతలు రేడియో సిలోన్ వైపు తిప్పుకున్నారు, అక్కడ అదే ఏడాది మొదలైన బినాకా గీత్‌మాలాలో అమీన్ సయానీ హిందీ పాటలకి వరసలు ఇచ్చేవాడు. ఇక్కడ ఖాళీ అయిన చోట్లోకి లలిత సంగీతం వచ్చింది. సినిమా కాదు, కచేరీ కాదు, మంచి కవి పాట, తేలికైన బాణీ. యెంకి ఆ పీటకి కొలత తీసినట్టు సరిపోయింది. సినిమా పాటని బయటికి నెట్టిన మంత్రిగారు తెలియకుండా యెంకికి తలుపు తీశారు. శ్రీరంగం గోపాలరత్నం గొంతులో యెంకి పాట మా జిల్లాల్లో ఇంటింటికీ వెళ్ళింది. ఆవిడ శాస్త్రీయ సంగీత విద్వాంసురాలు, 1992లో పద్మశ్రీ వచ్చింది. పొలంగట్టు పిల్ల మాట ఏలూరు వకీలు కలంలోంచి కర్ణాటక విద్వాంసురాలి గొంతులోకి వచ్చి, అక్కణ్ణుంచి మా అమ్మమ్మ నోట్లో పడింది. ఆవిడ దాన్ని జానపదం అంది!

పాట హిట్టయిందని ఎలా తెలుస్తుంది? అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రిక 1944 జనవరిలో పల్లెపాటలకి ఒక పట్టిక మొదలుపెట్టింది. తర్వాత కంట్రీ అని పిలిచినదాన్ని అప్పుడు ఫోక్ అన్నారు. జ్యూక్‌బాక్సుల్లో ఏ రికార్డు ఎక్కువ మోగిందో చూసి అంకెలేసేవాళ్ళు. అక్కడ నంబర్ వన్ అంటే పాడినవాడి పేరు పైకొస్తుంది. మనకి అలాంటి పట్టిక లేదు. యెంకి పాట గెలిచింది అనడానికి నా దగ్గరున్న ఆధారం, రాసినవాడి పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియకపోవడం. అది నండూరికి దక్కిన గౌరవమా, జరిగిన అన్యాయమా అని చాలాసార్లు ఆలోచించాను. ఆయన ఒప్పుకుని ఉండేవాడేమో గానీ, నాకే ఒప్పుకోబుద్ధి కాదు.

మా అమ్మమ్మ 'ప్రేమ' అనే మాట నోటితో అనగా నేను వినలేదు. తాతయ్యని పేరు పెట్టి పిలవదు, ఆయన ఎదురుగా ఈ పాట పాడదు. ఆయన కాళేశ్వరరావు మార్కెట్‌కి వెళ్ళాక మొదలుపెట్టేది.

పోయినేడు ఫోన్‌లో గోపాలరత్నం గారి పాట పెట్టి వినిపించాను. చివరిదాకా కళ్ళు మూసుకుని విని, "అక్కడ మాట తప్పు పాడింది" అంది. తర్వాత పుస్తకం తీసి చూశాను. తప్పు అమ్మమ్మదే. ఆవిడ పాటలో ఆ మాట ఎప్పుడు మారిందో, ఎందుకు మారిందో తెలీదు. చెప్పలేదు నేను. ఇంకోసారి పెట్టమంది, పెట్టాను.