ఆస్తికి యజమాని ఉన్నాడు, దావాకు లేడు



ఆస్ట్రేలియా వకీళ్లు చాలా ఏళ్లు ‘ఎల్లిస్ డిఫెన్స్’ అనే మాట వాడారు. పేరు ఎల్లిస్‌ది, లాభం మాత్రం ఆయన ఎవరి మీద దావా వేశాడో వాళ్లది.

జాన్ ఎల్లిస్ సిడ్నీలో ఒక చర్చిలో పూజలో సాయం చేసే కుర్రవాడు. 1974లో, పదమూడో ఏట మొదలుకొని అక్కడి ఫాదర్ ఒకరు అయిదేళ్లు ఆయనను లైంగికంగా హింసించారు. పెద్దయ్యాక ఎల్లిస్ తానే వకీలు అయ్యాడు. 2002లో చర్చికి ఫిర్యాదు చేశాడు. చర్చి నియమించిన విచారణాధికారే, ఇది జరిగి ఉండడానికే అవకాశం ఎక్కువ అని తేల్చారు. ఎల్లిస్ లక్ష డాలర్లు అడిగాడు. చర్చి 25,000 ఇస్తామంది, తర్వాత 30,000 అంది. అంతకు మించి పైకి రాలేదు.

ఆయన కోర్టుకు వెళ్లాడు. సొంత విచారణలో నమ్మిన సంగతినే కోర్టులో చర్చి వకీళ్లు కాదన్నారు. ఆయనను నిలబెట్టి రోజుల తరబడి ప్రశ్నలు వేశారు. నాకు అన్నిటికన్నా కష్టంగా తోచింది ఇదే.

2007లో అప్పీలు కోర్టు తీర్పు వచ్చింది. న్యూ సౌత్ వేల్స్‌లో 1936 నాటి చట్టం ప్రకారం చర్చి ఆస్తి అంతా ట్రస్టీల పేర ఉంటుంది. ట్రస్టీల పని ఆస్తి చూసుకోవడం, ఫాదర్లను వేసేది వాళ్లు కాదు, కనుక వాళ్ల మీద దావా నిలవదు. చర్చి అన్నది రిజిస్టరు కాని సమూహం, దాని మీదా దావా వేయలేరు. ఆర్చిబిషప్ జార్జ్ పెల్ ఆ పదవికి వచ్చింది 2001లో, 1970ల సంగతికి ఆయనా బాధ్యుడు కాడు. భూమి కొనాలన్నా అమ్మాలన్నా సంతకం పెట్టే చెయ్యి ఒకటి ఉంది. పిల్లవాడికి జరిగినదానికి జవాబు చెప్పే చెయ్యి మాత్రం ఎక్కడా లేదు.

నేను పనిచేసిన రైల్వేలో ఈ తిరకాసు లేదు. బండి ఎవరు నడిపినా, స్టేషను ఏ ఊరిదైనా, దావా వేసేది యూనియన్ ఆఫ్ ఇండియా మీద. నోటీసు జనరల్ మేనేజరుకు పోతుంది. గెలుస్తామా ఓడుతామా అన్నది వేరే మాట, ‘మేము లేము’ అని మాత్రం ఎవరూ అనలేరు. మన సంఘాల కల్యాణ మండపాలూ సత్రాలూ కొన్ని ఇప్పటికీ ట్రస్టీల పేర్ల మీదే ఉన్నాయి. కాబట్టి ఇది వాళ్ల మతం గొడవ అని పక్కన పెట్టకండి.

2013లో అక్కడి ప్రభుత్వం రాయల్ కమిషన్ వేసింది. ఎల్లిస్ కేసును అది 2014లో తవ్వి చూసింది. కేసులో గట్టిగా పోరాడమన్న వకీళ్ల సలహాను చర్చి ఎందుకు ఒప్పుకుంది? మరెవరూ కోర్టుకు రాకుండా చేయడం అందుకు ఒక కారణమని కమిషన్ రాసింది. పెల్ విచారణలో ఎల్లిస్‌కు క్షమాపణ చెప్పారు. అదే సంవత్సరం మరో విచారణలో, లారీ డ్రైవరు దారిలో ఎక్కించుకున్న మనిషి మీద అఘాయిత్యం చేస్తే లారీ కంపెనీది తప్పు అవుతుందా అన్నట్టు మాట్లాడారు. ఆ పోలిక విని బాధితులు మండిపడ్డారు.

డబ్బు లేక ఇదంతా చేశారా అంటే, అదీ కాదు. ఆస్ట్రేలియా కాథలిక్ చర్చి ఆస్తి 3,000 కోట్ల డాలర్లకు పైనే అని ‘ది ఏజ్’ పత్రిక 2018లో లెక్క కట్టింది.

అదే ఏడు విక్టోరియా, న్యూ సౌత్ వేల్స్ చట్టాలు మార్చాయి. దావాకు జవాబు చెప్పేవాళ్లను సంస్థే చూపాలి, లేకపోతే ట్రస్టు ఆస్తి మీదికి పోవచ్చు. జూలైలో జాతీయ పరిహార పథకం మొదలైంది. కమిషన్ గరిష్ఠంగా 2,00,000 డాలర్లు అని చెబితే ప్రభుత్వం 1,50,000 దగ్గర ఆపింది. అది తీసుకున్నవాళ్లు ఆ సంస్థ మీద మళ్లీ దావా వేయకూడదు.

తలుపు తెరుచుకుంది అనుకున్నారు. 2024 నవంబరులో హైకోర్టు, అంటే అక్కడి అత్యున్నత న్యాయస్థానం, బల్లారాట్ చర్చి కేసులో తీర్పు చెప్పింది. ఫాదర్ చర్చికి ఉద్యోగి కాడు, కనుక ఆయన చేసినదానికి యజమాని తరహా బాధ్యత చర్చికి రాదు అంది. ఎవరి మీద దావా వేయాలో ఇప్పుడు తెలుసు. ఏ కారణం చూపి గెలవాలన్న దగ్గర 2024లో బాధితులు మళ్లీ ఆగిపోయారు.