ఇల్లటము: నెల్లూరు సీమ కర్షక కుటుంబములలో ఆస్తి సంక్రమించిన విధము



వార్షిక మహాసభా సంచికకు చరిత్ర విషయక వ్యాసమొక్కటి పంపవలసినదని కార్యదర్శిగారు కోరియున్నారు. రాజుల దండయాత్రలను గూర్చి వ్రాయువారు పలువురు కలరు. మేము మాత్రము మన యింటి పంచలో జరిగిన చరిత్రను వ్రాయదలచితిమి. తండ్రి దున్నిన పొలము తరువాతి తరమువారి కెట్లు సంక్రమించినది? కొడుకులు లేని యింట నాగలి యెవరి చేతికి వచ్చినది? గూడూరు, చిల్లకూరు మొదలుకొని సముద్రతీరమువరకు గల పల్లెలలో ఈ ప్రశ్న నెదుర్కొనని గడప యరుదు.

మన ప్రాంతపు భూమి యంతయు నొక్క రీతిది గాదు. చెరువు క్రింది మాగాణి కొంత, వానకెదురుచూచు మెట్ట కొంత, తీరము చెంత ఇసుక నేల కొంత. అందుచేత అన్నదమ్ములు వేరుపడునపుడు ఒకరికి మాగాణియు నింకొకరికి మెట్టయు నిచ్చినచో న్యాయము కాదు. ప్రతి చేనును చీల్చి, పెద్దమనుష్యుల యెదుట భాగములేర్పరచి, చీట్లు వేసికొనుట వాడుక. ఉదాహరణమునకు, 12 ఎకరముల రైతునకు ముగ్గురు కొడుకులున్నచో తలకు 4 ఎకరములు వచ్చును. వారికిని మువ్వురేసి కొడుకులు కలిగినచో ఒక్కొక్క మనుమనికి దక్కునది 1 ఎకరము 33 సెంట్లు మాత్రమే. అదియు నొకచోట నుండదు. సమభాగమునకు మన పూర్వులు చెల్లించిన వెల యిది.

ఈ సమభాగమునకు ఆధారము మితాక్షర. కల్యాణి చాళుక్య చక్రవర్తియగు ఆరవ విక్రమాదిత్యుని (1076–1126) కాలమున విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి రచించిన ఆ వ్యాఖ్యానము, తాత తండ్రుల యాస్తిలో కొడుకునకు పుట్టుకతోడనే హక్కు కలదని నిర్ణయించినది. 13వ శతాబ్దమున దానిని తెలుగు పద్యములలోనికి దెచ్చినవాడు కేతన. నెల్లూరేలిన మనుమసిద్ధికి మంత్రియైన తిక్కనకు దశకుమారచరిత్రము నంకితమిచ్చిన కవియు నితడే. కావున దాయభాగ ధర్మము సంస్కృతము నెరుగనివారికి సైతము తెలుగున వినదగినదయ్యెను.

అయినను నెల్లూరు సీమలోనే రెండు పద్ధతులు ప్రక్కప్రక్కన నడచినవి. 1802లో కంపెనీవారి శాశ్వత సన్నదు పొందిన వెంకటగిరి సంస్థానము వంటివి విభాగమునకు లోనుగానివి. జ్యేష్ఠునకు గద్దె, తక్కినవారికి మనోవర్తి. రైతు పట్టా భూమికో, అన్నదమ్ములందరును హక్కుదారులే. 1948 నాటి ఎస్టేటుల రద్దు శాసనముతో జమీందారీలంతరించినవి గాని, రైతు ఇంటి పంపకము నిలిచియే యున్నది.

ఇట్టి భేదము మనకే ప్రత్యేకమనుకొనరాదు. 16, 17 శతాబ్దములలో ఇంగ్లండున పెక్కుచోట్ల తండ్రి వీలునామా వ్రాయక మరణించినచో భూమి పెద్దకొడుకునకు చెందెడిది. కెంటు మండలమున మాత్రము కొడుకులందరికి సమభాగము. కొన్ని గ్రామములలో కడగొట్టు కొడుకే వారసుడు. 1540వ సంవత్సరమున భూమిని వీలునామాచే నిచ్చుటకు శాసనమనుమతి యొసగిన పిమ్మట, అచటి రైతులు పొలమునొక కొడుకునకు వ్రాసి, అతడే తోబుట్టువులకు రొక్కము చెల్లింపవలెననియు, తల్లికి ఇంటిలో గదియు ధాన్యమును వంటచెరకును ఇయ్యవలెననియు నిబంధనలు చేయుచుండిరి. అనేక గ్రామములలో భర్త భూమి విధవ చేతిలో నామె జీవించియున్నంతకాలమే యుండెడిది. మరల పెండ్లాడినచో పోయెడిది. మన దేశమున 1856 నాటి వితంతు పునర్వివాహ శాసనమును పునర్వివాహమాడిన స్త్రీకి మొదటి భర్త యాస్తిని లేకుండ జేసినది. ఇరు దేశముల రైతులు కోరినదొక్కటే: పొలము పాడుపడరాదు, ముసలితనమున కూడు తప్పరాదు.

ఇక కొడుకులు లేనివారి సంగతి. శాస్త్రము దత్తతను విధించినది. మన కర్షక కులములవారు, ముఖ్యముగా రెడ్లును కమ్మవారును, శాస్త్రములో లేని వేరొక మార్గమును త్రొక్కిరి. అదియే ఇల్లటము. కూతురిని పరాయి యింటికి పంపక, పనిపాటలెరిగిన వరుని దెచ్చి పెండ్లి చేసి, సేద్యమునందు తోడుగా నుండి తమను పోషించినచో ఆస్తి యిత్తుమని మాట యిచ్చుటయే దాని స్వరూపము. అత్తవారింట కాపురముండిన ప్రతి యల్లుడును ఇల్లటపుటల్లుడు కాడు. మామ ఉద్దేశపూర్వకముగా నట్టి యేర్పాటు చేసియుండవలెను.

ఈ యాచారమును 1881లో మదరాసు హైకోర్టు అంగీకరించినది. తరువాతి తీర్పులచే దాని నియమములు స్పష్టపడినవి. ఇల్లటపుటల్లునికి పుట్టినింటి భాగము పోదు. దత్తునికిని ఇతనికిని గల ముఖ్యభేదమిది. మామకు పిమ్మట కొడుకు పుట్టినను, అల్లునికి అతనితో సమానమగు భాగము వచ్చును. అయితే మామ బ్రతికియుండగా, ప్రత్యేకమగు నొడంబడిక లేనిచో, అతడు పంపకము కోరజాలడు. శాస్త్రము రక్తమును జూచినది. ఇల్లటము చెమటను జూచినది. తమ చేనిలో తమతోపాటు వంగి పనిచేసినవానిని కొడుకుతో సమానముగా నెంచిన పూర్వుల న్యాయబుద్ధిని మేము మనసార శ్లాఘించుచున్నాము.

కాని ప్రశంసతో విరమించుట చరిత్ర కాదు. ఈ యాచారమున రెండు లోపములు కలవు. మొదటిది, నోటి మాట. ఇచ్చినవాడు గతించి, విన్న పెద్దలును గతించిన పిమ్మట ఇల్లటమును రుజువు చేయుట కష్టము. మామ వైపు జ్ఞాతులు కాదన్నచో, యౌవనమంతయు నాచేనికి ధారపోసినవాడు సాక్షులకై వెదకికొనవలసి వచ్చెడిది. రెండవది మరింత పెద్దది. పొలము కూతురి మూలముననే వచ్చినను కూతురి పేర రాలేదు. ఆమె త్రోవయైనది గాని హక్కుదారు కాలేదు.

ఆ లోపమును తీర్చుటకు శాసనములకు చాలకాలము పట్టినది. 1937లో విధవకు భర్త యాస్తిలో భాగమును శాసనము కల్పించినది గాని, అది సేద్యపు భూమికి వర్తింపదని 1941లో ఫెడరల్ కోర్టు అభిప్రాయపడినది. రైతు ఇంటి విధవకు భూమియే గదా యాస్తి! 1947లో మదరాసు రాష్ట్రమాలోటును పూరించినది. 1956 నాటి హిందూ వారసత్వ శాసనము స్త్రీ చేతనున్న యాస్తిపై నామెకు సంపూర్ణ స్వామ్యము నొసగినది. పిత్రార్జితమున కూతురికిని జన్మహక్కు కలదని ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 మొదలు అంగీకరించినది. అయితే అప్పటికి వివాహితలైనవారికి అది లేదు. 2005 సెప్టెంబరు 9 నుండి దేశమంతటను ఆ హక్కు ఏర్పడి, వివాహితలకును వర్తించినది. ఆ నాటికి తండ్రి జీవించియుండనక్కర లేదని 2020 ఆగస్టు 11న సుప్రీము కోర్టు తీర్పు చెప్పినది.

శాసనము వచ్చినది. మనస్సు వచ్చినదా? పసుపుకుంకుమల పేర కొంత రొక్కమిచ్చి, హక్కు విడుదల పత్రముపై ఆడపడుచుల చేవ్రాలు చేయించుకొనుట మనకు తెలియని సంగతి కాదు. పుట్టినింటి రాకపోకలు తెగునను భయముచే సంతకము చేయు సోదరి త్యాగము చేసినదనుట న్యాయమా? ఆమెకు కట్నమిచ్చితిమి గదా యని కొందరందురు. కట్నము చేరినది ఎవరి చేతికో, దానిలో ఆమె పేర నిలిచినదెంతో వారే యాలోచింతురు గాక.

కొడుకు లేని నాడు కూతురిని నమ్మి పొలము నిలుపుకొన్న కులములు మనవి. కొడుకున్న నాడు ఆమెను మరచుట మన యాచారమునకే విరుద్ధమని మా యభిప్రాయము. కావున పెద్దలు కాళ్లుచేతులాడునపుడే బిడ్డలందరిని పిలిచి, ఎవరికేమి చెందునో వారి యెదుట చెప్పి, భాగపత్రమును వ్రాసి రిజిష్టరు చేయించుట మేలు. వృద్ధులగు తలిదండ్రుల పోషణభారమెవరిదో అందులో స్పష్టపరుపవలెను. నోటి మాటకు కట్టుబడిన పూర్వులను గౌరవించుటకు, ఆ మాటను పత్రముపై నిలుపుటకంటె మంచి మార్గము లేదు.

మహాసభకు విచ్చేసిన పోషకులును, సోదరీసోదరులును ఈ విషయమును తమ తమ యిండ్లలో చర్చింతురు గాక యని కోరుచు విరమించుచున్నాము.