బళ్ళారి సీమ బడులు: అయ్యవారు, తల్లిదండ్రులు

మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822 జూన్ 25న దేశీయ పాఠశాలల వివరాలు తెప్పించ నిశ్చయించినాడు. అందుకు బళ్ళారి కలెక్టరు ఏ.డి. కాంబెల్ 1823 ఆగస్టు 17న పంపిన నివేదిక వట్టి అంకెల పట్టిక కాదు. 1816లోనే తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లీషులో రచించి ప్రకటించిన పండితుడాయన. ఆయన లెక్కలో జిల్లాలోని విద్యాలయాలు 533. అందులో కన్నడానివి 235, తెలుగువి 226. నేటి అనంతపురం ప్రాంతం ఆనాడు ఆ జిల్లాలోనిదే.

బాలునికి అయిదేండ్లు నిండగానే తల్లిదండ్రులు అయ్యవారినీ, బడిపిల్లలనూ ఇంటికి పిలిచేవారు. విఘ్నేశ్వరుని ప్రతిమ చుట్టూ అందరూ కూర్చుండగా, దానికి సరిగా ఎదురుగా క్రొత్త బాలుని కూర్చుండబెట్టేవారు. అయ్యవారు ధూపం వేసి, నైవేద్యం పెట్టి, జ్ఞానమిమ్మని వానిచేత ప్రార్థన చెప్పించి, వ్రేలు పట్టి బియ్యంలో దేవుని పేరు వ్రాయించేవాడు. తల్లిదండ్రులు శక్తికొలది కానుక లిచ్చేవారు. చదువు మరునాడు ఆరంభం. బాలుడు బడికి పోకముందే బడి ఇంటికి వచ్చేదన్నమాట.

పఠనగ్రంథాల విషయంలోనూ ఇంటి ఆచారం కొంత చెల్లినది. అన్ని కులాల పిల్లలకూ రామాయణ భారత భాగవతాలు. వాటికి తోడు లింగాయతుల పిల్లలకు బసవపురాణం, చెన్నబసవపురాణం. చేతిపనులవారి పిల్లలకు విశ్వకర్మపురాణం. అందరికీ చెప్పే గ్రంథాలకు తోడు, ఇట్టి శిష్యులకు వారి తండ్రితాతల మతగ్రంథాలనూ నేర్పేవారు. నివేదికలో చదువరి నిలిచి చూడవలసిన చోటు ఇది.

కాంబెల్‌కు రుచించనిది ఆ గ్రంథాల భాష. అది వాడుకకు దూరమనీ, పిల్లలు అర్థం తెలియక చిలుకలవలె పద్యాలు వల్లిస్తారనీ ఆయన ఆక్షేపణ. గిడుగువారి ఉద్యమానికి ఎనిమిది దశాబ్దాల ముందటి మాట ఇది! ఆక్షేపణ న్యాయమైనదే. అయితే అర్థాన్ని బడిలోనే వెదకుట పొరపాటేమో. పద్యాన్ని కంఠస్థం చేయించుట అయ్యవారి వంతు; కథ చెప్పి, దానిని నడతలోనికి దింపుట ఇంటి పెద్దల వంతు. ఆ పంపకం ఏ కాగితంమీదా లేదు గనుక కలెక్టరు కంటబడియుండదు.

కాని ఈ పొత్తులో లోటు చిన్నది కాదు. 6,641 మంది విద్యార్థులలో బాలికలు 60 మందే. బిడ్డకు కథ చెప్పవలసిన తల్లికి అక్షరమే అందలేదు.

ఆ పొత్తు కూడా తెగిపోతున్న కాలమది. మధ్యతరగతివారు, బీదవారు చదువు ఖర్చు భరించలేకున్నారనీ, లేత చేతులు కొద్దిపాటి పనికి అక్కరకు రాగానే పిల్లలను పనిలో పెట్టక తప్పడం లేదనీ, ఒకప్పుడు బడులున్న అనేక గ్రామాలలో ఇప్పుడవి లేవనీ కాంబెల్ వ్రాసినాడు. మిగిలిన 533లో సర్కారు సాయం పొందుతున్నది ఒక్కటైనా లేదని చెప్పుటకు సిగ్గుపడినాడు.