ఊరు పట్టణమయ్యే లెక్క

భారత జనగణనలో పట్టణానికి దేశమంతటా ఒకే కొలత 1961లో వచ్చింది. అంతకు ముందు మునిసిపాలిటీలు, కంటోన్మెంట్లు, సివిల్ లైన్స్ ఎలాగూ పట్టణాలే. అవి కాక, ఇళ్లు ఒత్తుగా ఉండి జనం అయిదు వేలకు తగ్గని ఊరిని పట్టణంగా లెక్కించాలా వద్దా అన్నది ఆ ప్రాంతపు జనగణన సూపరింటెండెంటు తేల్చేవారు. కాబట్టి ఒక చోట పట్టణమైన ఊరు ఇంకో చోటైతే పల్లెగానే మిగిలిపోవచ్చు.

అశోక్ మిత్రా రిజిస్ట్రార్ జనరల్‌గా జరిపిన 1961 గణన ఈ వెసులుబాటును బాగా తగ్గించింది. జనాభా కనీసం 5,000 ఉండాలి, చదరపు మైలుకు వెయ్యిమంది ఉండాలి, పనిచేసేవారిలో నాలుగింట మూడు వంతుల మంది సేద్యం కాని పనుల్లో ఉండాలి. ఫలితంగా, జనాభా పెరిగిన ఆ పదేళ్లలోనే పట్టణాల సంఖ్య తగ్గింది. వందలాది ఊళ్లు రాత్రికి రాత్రే పల్లెలయ్యాయి, కాగితం మీద. ఇప్పుడు సాంద్రత షరతు చదరపు కిలోమీటరుకు 400. వృత్తి విషయంలో మగవారి పనినే చూస్తారు, ఆడవారి పని లెక్కలోకి రాదు.

ప్రభుత్వం ప్రకటించినవి చట్టబద్ధ పట్టణాలు. సికింద్రాబాద్ కంటోన్మెంటు లాంటివి ఈ కోవలోవే. ప్రకటన లేకున్నా మూడు షరతులకూ సరిపోయేవి జనగణన పట్టణాలు. అసలు చిక్కు వీటితోనే. 2001లో 1,362 ఉన్నవి 2011 నాటికి 3,894 అయ్యాయి. కేరళలో పట్టణ జనాభా అదే పదేళ్లలో 26 శాతం నుంచి దాదాపు 48 శాతానికి ఎగబాకింది. జనం నగరాలకు తరలిపోవడం దీనికి ప్రధాన కారణం కాదు. ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని సాగిన పల్లెల్లో మగవారు సేద్యం వదిలారు, అంతే. ఆ ఊళ్లలో మురుగు కాలువ తవ్వించాల్సింది మాత్రం ఇప్పటికీ గ్రామ పంచాయతీయే. మునిసిపాలిటీ అయితే ఇంటి పన్ను పెరుగుతుందని, ఉపాధి హామీ పనులు పోతాయని ఊరివారు వెనకాడతారు.

ఇతర దేశాల కొలతలూ ఒకేలా లేవు. డెన్మార్క్‌లో 200 మంది చాలు, జపాన్‌లో నగర హోదాకు 50,000 మంది కావాలి. అమెరికా 1910 నుంచి వాడిన 2,500 హద్దును 2020 గణనకు 5,000 చేసింది. ఈ గందరగోళంలో దేశాలను పోల్చడానికి ఐక్యరాజ్య సమితి గణాంక సంఘం 2020లో ఒక పద్ధతిని ఆమోదించింది. భూమిని కిలోమీటరు గళ్లుగా విడదీసి, గడికి 1,500 మందికి తగ్గని గళ్లు కలిసి 50,000 జనాభా అయితే నగరమంటారు. ఈ లెక్కన భారత్‌లో పట్టణ వాటా 2011 జనగణన చూపిన 31 శాతం కన్నా చాలా ఎక్కువ తేలుతుంది. గడి ఎవరి వృత్తినీ అడగదు. మగవారి పనితో ఊరిని తూచే భారతీయ షరతు మాత్రం ఇక పాతబడింది.